అర్జీలో కొట్టేసిన మాటలు

గుంటూరు కలెక్టరాఫీసు గోడవారన
పదహారేళ్లుగా అర్జీలు రాస్తున్నాను.
కుర్చీ, అట్ట, నాలుగు కార్బన్ కాగితాలు.
కొన్ని మాటలు చేతికి అలవాటైపోయాయి:
‘నిరుపేద వికలాంగురాలిని’ దగ్గర
కలం దానంతటదే నడుస్తుంది,
‘దయతో’ దగ్గర నున్నగా జారుతుంది.

ఆ సోమవారం
మూడుచక్రాల బండొకటి నా కుడిపక్కన ఆగింది.
మంచిదే. ఎడమ చెవి నాకు పనిచేయదు,
ఎవరికీ చెప్పలేదు.
హ్యాండిలుకు కట్టిన సంచిలోంచి మిరప ఘాటు.
రెండు తుమ్ములు తుమ్మాను.
‘‘జంట తుమ్ములు, శుభమే. రాయి’’ అంది.

దారా కరుణమ్మ. సంగడిగుంట.
యార్డు వెనక షెడ్లో తొడిమలు తీసే పని.
‘కాళ్లతో పనిలేని పనేగా నీది’ అని
మేస్త్రి కిలోకి రూపాయి తగ్గిస్తాడట.

‘అయ్యా, తమరు దయతో’ అని ఎత్తుకున్నాను.
‘‘కొట్టెయ్.’’
‘కరుణించి’
‘‘అది నా పేరులో ఉంది, చాల్లే. కొట్టెయ్.’’
‘వీధినపడ్డ మమ్మల్ని’
‘‘పడలా. వీధిలో ఉంటాం.
మా వీధికి పేరుంది, అది రాయి.’’

చివరికి మిగిలింది ఇది:
సర్టిఫికెట్ల క్యాంపు పెద్దాసుపత్రి మేడమీద పెట్టారు.
లిఫ్టు తాళం ఉన్న మనిషి సెలవు.
మేం నలభైముగ్గురం కిందున్నాం.
‘ఎవరూ రాలేదు’ అని పైన రాసుకుని వెళ్లారు.
ఆ మాట దిద్దించండి.

‘‘ఇంతేనా?’’
‘‘అంతే. సంతకాలకి జాగా వదులు.’’

ఖాసింబీకి చూపు లేదు,
వేలిముద్ర పడాల్సిన చోటు తనే తడిమి వెతుక్కుంది.
యానాదుల చెంచయ్య వినడు, మాట్లాడడు,
కాగితం తిరగేసి
వెనకేమన్నా దాచానేమోనని చూశాడు.
నా రాతని అంత శ్రద్ధగా
ఎవరూ చదవలేదు.

లోపల గుమాస్తా కుంటిసాకులు చెప్పొద్దన్నాడట.
‘‘సాకు లిఫ్టుది బాబూ, కుంటిది నేను.
రెంటినీ కలపమాక.’’

గెలిచిందని రాయను.
తర్వాతి క్యాంపు కిందే పెట్టారు, నిజమే.
కరుణమ్మకి ముప్పైఎనిమిది శాతం వేశారు.
నలభై ఉంటేగాని పింఛను రాదు.
‘‘రెండు శాతం నడుస్తున్నానంట’’ అని
పడీపడీ నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్లో పేటలో సభ. నీలం జెండాలు,
పిల్లలకి మజ్జిగ ప్యాకెట్లు.
ఈసారి వేదికమీదికి కరుణమ్మని పిలిచారు.
ఐదు మెట్లు.
మన కుర్రాళ్లే నలుగురు
దండలు పక్కనపెట్టి వచ్చారు,
‘మేమున్నాంగా అక్కా’ అంటూ, ప్రేమగానే.

ఆమె బ్రేకు వేసింది.
‘‘గుడిమెట్ల సంగతి తాతలనాటి నుంచీ మాట్టాడతన్నాం గదరా.
ఈ మెట్లు ఎవరు కట్టినయ్యి?’’

మైకు కీచుమంది.
కోటిరత్నం మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు,
తుడిచిందే తుడిచాడు.

‘‘నన్నెత్తమాకండి. బల్లని దించండి.’’

ఎవరూ కదల్లేదు.
ఆ మాట వినపడని చెంచయ్య ఒక్కడే
ఆమె చెయ్యి చూపించిన వైపు చూసి
వెళ్లి బల్లకి ఓ కొస పట్టుకున్నాడు.
రెండో కొస చాలాసేపు గాల్లో లేవలేదు.
తర్వాత లేచింది.

అందరూ దిగలేదు.
పెద్దలిద్దరు పైనే కూర్చున్నారు,
ముందు బల్ల లేక
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక.

ఇవాళ మళ్లీ సోమవారం.
రెండు శాతం సంగతి రాయాలి.
తేదీ వేసి, ‘అయ్యా’ ఉంచాలో తీసెయ్యాలో
తేలక కూర్చున్నాను.
బండి వచ్చింది,
గోడపక్కన ఎవరిదో స్కూటరుంటే
ఈసారి ఎడమవైపు ఆగింది.
ఆమె పెదాలు కదులుతున్నాయి.
ఇటు రమ్మనాలి.
ఎందుకని అడుగుతుంది.